పదహారు కోరల పెట్టె

ఒక పెద్ద అడవిలో చిన్న పెట్టె ఒకటి ఉండేది. ఎవరు బతకాలో ఎవరు చావాలో ఆ పెట్టె తేల్చేది.

అంతకుముందు ఆ పని పులులే స్వయంగా చేసుకునేవి. జింకలు పరిగెత్తేవి, పులులు తరిమేవి, దొరికింది దొరికేది. ఆ పద్ధతిలో రొద ఎక్కువ, రక్తం ఎక్కువ, పైగా పెద్దవయసు పులులకు ఆయాసం వస్తోంది. అందుకని సింహప్రభువు జూలప్ప ఒక సంస్కరణ తెచ్చాడు. ఇకమీద వేట నేల మీద కాదు, తెర మీద.

పెట్టె ముందు ఒక పక్క పులి కూర్చుంటుంది, ఒక పక్క జింక. చెరి నాలుగు మీటలు. తెర మీద బొమ్మ పులి బొమ్మ జింకను తరుముతుంది. బొమ్మ జింక వాగు దాటిందా, మందకంతటికీ ఆ నెల వాగులో నీళ్లు తాగే హక్కు. పులికి దొరికిందా, ఆడిన జింక లేచి ఒళ్లు దులుపుకుని, తన కాళ్ల మీద తనే పులి ఇంటికి నడిచి వెళ్లాలి.

దీనికి నాగరికత అని పేరు పెట్టారు.

తెర అంటే మరేం కాదు, సభ జరిగే గుహలో వెదురు చట్రం మీద వరసకట్టి కూర్చున్న మిణుగురులు. పెట్టె లోపల చారలమ్మ అనే ఉడుత ఉండేది. జింక ఎక్కడుంది, పులి ఎక్కడుంది, ఎగిరితే ఎక్కడ పడుతుంది, అన్నీ లెక్కకట్టేది చారలమ్మే. ఆమె చెప్పినట్టు మిణుగురులు వెలిగేవి, ఆరేవి. ఆటను అల్లింది మాత్రం గిజిగాడు. గూడు అల్లినట్టే అల్లాడు, తనకు తప్ప ఇంకెవరికీ దారి తెలియకుండా.

ఆ వేసవిలో సంపెంగ అనే చుక్కల జింక వంతు వచ్చింది. ఎదుట కూర్చున్నది గండప్ప, సింహం తరవాత అంతటి పులి. సంపెంగ బాగా ఆడింది. వాగు ఒడ్డుదాకా ఒక్క తప్పు చెయ్యలేదు. ఒడ్డుకు చేరగానే ఎగిరే మీట నొక్కింది.

తెర మీద బొమ్మ ఆగిపోయింది.

జింక ముందుకాళ్లు సగం లేచి ఉన్నాయి. అంతే, కదలదు. గండప్ప మాత్రం ఖాళీగా కూర్చోలేదు. బొమ్మ ఆగినంతసేపూ పంజా మీటను టపటపా నొక్కుతూనే ఉన్నాడు. బొమ్మ కదిలేసరికి ఆ నొక్కుళ్లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. బొమ్మ జింక కూలిపోయింది.

"నేను ఎగిరాను!" అంది సంపెంగ.

సభ సలహాదారు ఒక నక్క. పేరు సలహారావు. గొంతు సవరించుకుని, "నువ్వు ఎగిరావేమో తల్లీ, తెర మీద ఎగరలేదు. తెర మీద ఏది ఉంటే అదే నిజం. చట్టం," అన్నాడు.

"ఎప్పటినుంచి?" అని అరిచింది సంపెంగ చెల్లెలు గోరింట.

"ఇప్పటినుంచి."

గోరింట ఒక్క ఉదుటున వచ్చి పెట్టె మూత పెరకబోయింది. సలహారావు కంగారుపడలేదు. "ఆట మధ్యలో పెట్టెను ఆపినవాళ్లు ఓడినట్టే. ఇది కూడా చట్టమే," అన్నాడు. కన్ను మూసి తెరిచేలోగా రెండు చట్టాలు పుట్టాయి. పురిటి నొప్పులు మాత్రం వేరేవాళ్లకు.

సంపెంగ పులి ఇంటివైపు నడిచింది. మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

"నేను ఎగిరానే గోరింటా. నువ్వు చూశావుగా."

చూసింది. అందుకే మర్నాడు సభకు వచ్చింది.

ఆ సభలో కోరలున్నవాళ్లకే కుర్చీ. ఎన్ని కోరలుంటే అంత ముందు వరస. సింహానికీ పులికీ నాలుగేసి. సింహానికి జూలు అదనం, అందుకని గద్దె ఆయనది. అడవిపంది సూరప్పకు పైకి కనిపించేవి రెండే, కానీ వాటిని రోజూ ఇసకలో రుద్ది తళతళలాడించుకుని మంత్రి అయిపోయాడు. ఏనుగుకు ఉన్నవి కోరలా దంతాలా అన్నది ఇంకా తేలలేదు గనక దాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టారు. జింకలు గుహ బయట నిలబడి మాట్లాడాలి.

గోరింట బయటినుంచే అంది: "అయ్యా, ఎగిరే చోట బొమ్మ ఆగుతోంది. ప్రతిసారీ అక్కడే. ఆ ఒక్కటి బాగుచేయించండి. మిగతా చావు మా చావు మేం చస్తాం."

జూలప్ప ఆవులించాడు. "ఏమిటయ్యా సలహారావ్, ఇది?"

"సాంకేతిక సమస్య ప్రభూ."

సభంతా తలలూపింది. అర్థంకాని మాటకు ఆ సభలో ఉన్నంత మర్యాద ఇంకెక్కడా ఉండదు.

అప్పుడే పట్నంనుంచి తిరిగొచ్చిన కాకి ఒకటి సలహారావు పక్కనే రాతి మీద వాలి ఉంది. పట్నంలో ఒక గేమ్ సెంటర్ కిటికీ మీద కొన్నాళ్లు కాపురం చేసిందట. దానికి నోరు ఆగలేదు. "అయ్యో, ఒక్క కోర్ పెట్టెలు మా పట్నంలో ఎప్పుడో పారేశారు. ఇప్పుడన్నీ ఎనిమిది కోర్లు. గేమ్ ఆడేవాళ్లు మొదట అడిగేదే ఆ మాట, ఎన్ని కోర్లు అని."

సూరప్ప చెవులు నిక్కాయి. "ఎన్ని కోరలు?"

"కోరలు కాదు బాబూ, కోర్లు. కోర్ అంటే లోపల కూర్చుని పనిచేసే బుర్ర..."

"ఎనిమిది కోరలు!" అన్నాడు సూరప్ప, తన రెండింటినీ తడుముకుంటూ. ఆ మాట వరసలు దాటుకుంటూ గుమ్మందాకా పోయింది. ఎనిమిది కోరలట. ఒక్క నోట్లోనట.

కాకి మళ్లీ నోరు తెరవబోయింది. సలహారావు తోక తీసి దాని ముక్కు మీద వేశాడు. తప్పు మాట ఒప్పు మాటకంటే బాగా అమ్ముడుపోతుందని ఆయనకు తెలుసు. ఎనిమిది బుర్రలు తెద్దామంటే ఆ సభలో ఎవడు ఒప్పుకుంటాడు? ఉన్న ఒక్కదానితోనే ఎవరికీ పని పడలేదు. కోరలంటే అందరికీ కావాలి.

"అక్షరాలా కోరలే ప్రభూ," అన్నాడు. "ఒంటి కోర పెట్టె గనకనే నమలలేక ఆగిపోతోంది. ఎనిమిది పెట్టామంటే కసకసా నమిలేస్తుంది."

జూలప్ప ముఖం మాడింది. "నాకు నాలుగు. నా పెట్టెకు ఎనిమిదా?"

"పెట్టె ఎవరిది ప్రభూ? తమది. మరి దాని కోరలెవరివి? తమవే. నాలుగూ ఎనిమిదీ పన్నెండు."

జూలప్ప నాలుకతో నోరంతా ఒకసారి తడిమి చూసుకున్నాడు. పన్నెండు కోరల సింహం. తన గురించి అంత నిజమైన మాట ఎవరూ ఎప్పుడూ అనలేదనిపించింది.

గండప్ప మూతి ముడుచుకుంది. నిన్నటిదాకా ఇద్దరికీ సమానమే.

గోరింట ఇంకా బయటే ఉంది. "అయ్యా, ముందు ఎందుకాగుతోందో మూత తీసి ఒకసారి చూస్తే..."

"కోరల్లేనిదానివి, కోరల సంగతి నీకేం తెలుసే?" అన్నాడు సూరప్ప. సభ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వులోనే తీర్మానం పాసైపోయింది. కోరలు సరఫరా చేసేందుకు సలహారావుకు కోరకో కోడి చొప్పున నెలనెలా ఇవ్వాలన్నారు. కోళ్లకు సభలో కుర్చీ లేదు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

సలహారావు ఇంకో ఏడు ఉడుతల్ని పట్టుకొచ్చి పెట్టెలో కుక్కాడు. చారలమ్మతో ఎనిమిది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. వేట చూపించలేదు, జలపాతాలు చూపించారు. ఒక్కో ఉడుత ఒక్కో జలపాతం లెక్కకట్టింది. ఎవరి నీళ్లు వాళ్లవి, ఎవరితో ఎవరికీ పని లేదు. తెర మీద ఎనిమిది జలపాతాలు ఒకేసారి ఉరికాయి. తుంపర కూడా కనపడింది. ఏనుగు గుమ్మం దగ్గరే నిలబడి తొండమెత్తి ఏడ్చేసింది.

"చూశావా గోరింటా?" అన్నాడు సలహారావు. "ఇంకేం కావాలి నీకు?"

"జలపాతాలు బాగున్నాయి. మమ్మల్ని తరిమేది జలపాతాలు కాదు," అంది గోరింట.

ఆ నెల వంతు గోరింట మేనమామ కొమ్మయ్యది. మందలో ఆయనంత చురుకైనవాడు లేడు. ఆట మొదలైంది. గడ్డి అద్భుతంగా ఊగింది, ఏ పరకకు ఆ పరకే. వాగు గలగలమంది. కొమ్మయ్య ఒడ్డుకు చేరాడు, మీట నొక్కాడు.

ఆగింది. ఇదివరకటికంటే ఎక్కువసేపు ఆగింది. గండప్పకు ఈసారి తీరిగ్గా ఒళ్లు విరుచుకుని నొక్కేందుకు కూడా వీలు చిక్కింది.

కొమ్మయ్య లేచాడు. "ఏడవకండర్రా," అన్నాడు మందతో. "ఆ గడ్డి మాత్రం నిజంగా బాగుంది." కొమ్ములు నిటారుగా పెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.

తరవాతి వంతు గోరింటది.

సభ భోజనాలకు లేచిన వేళ చూసి గోరింట గుహలోకి దూరింది. పెట్టె వెనక గాలి కోసం పెట్టిన కంతలో కన్ను పెట్టింది. వేడి ఆవిరి ముఖాన కొట్టింది. లోపల చారలమ్మ తరవాతి ఆటకు సాధనగా ఒక పొడుగాటి దారం పట్టుకుని అటూ ఇటూ పరిగెడుతోంది. ఆమె వెంట మిగతావాళ్లు.

"ఎవరే అది?" అంది చారలమ్మ. "చూడమ్మా, చూడు. మా సంసారం తీరిగ్గా చూసిపో."

"చారలక్కా, ఎనిమిదిమంది ఉండి కూడా ఎందుకాగుతోంది?"

"ఎనిమిదిమంది ఉన్నారు గనకే ఇంకా ఎక్కువ ఆగుతోంది. ఆ గిజిగాడు ఆటంతా ఒంటి పోగుతో అల్లాడు తల్లీ. ఒక్కటే దారం. కొస నా చేతిలో ఉంది. పులి ఎక్కడుందో తేలితే గానీ నువ్వు ఎగిరావో లేదో చూడలేను. ఎగిరావని తేలితే గానీ ఎక్కడ పడతావో చెప్పలేను. నువ్వింకా గాల్లో ఉండగానే, నువ్వు పడ్డ చోట పంజా వెయ్యమని పక్కదానికి పని ఎలా పంచను?"

"మరి వీళ్లంతా?"

"ఈ చిన్నది గడ్డి ఊపుతుంది. ఆ మూలది వాగు చప్పుడు చేస్తుంది. అబద్ధమెందుకు, ఆ రెంటి బరువూ నాకు తగ్గింది. మిగతా ఐదుగురూ నా లెక్క కోసం కాచుకుని ఉంటారు. ఊరికే ఉన్నా బాగుండు!"

ఆ మాట అంటూండగానే వెనకనుంచి ఒక గొంతు: "అక్కా, అయ్యిందా?" ఇంకోటి: "అక్కా, అయ్యిందా?"

"కాలేదే!" అని చారలమ్మ వెనక్కి తిరిగి అరిచింది. తిరగడంలో దారం జారింది. మళ్లీ వెతుక్కుంది. "చూశావా? ప్రతిసారీ ఇంతే. పైగా ఈ ఉక్క. ఒక్కదాన్నే ఉన్నప్పుడు గంతులేసుకుంటూ చేసేదాన్ని. ఇప్పుడు ఎనిమిది ఒళ్ల వేడి. పరిగెత్తితే సొమ్మసిల్లిపోతారు, నెమ్మదిగా చెయ్యండి అని సలహారావే చెప్పిపోయాడు."

పెళ్లివారి వంటింట్లోకి ఎప్పుడైనా తొంగిచూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పొయ్యి దగ్గర ఒకతి ఉంటుంది. గుమ్మంలో ఏడుగురు నిలబడి వడ్డనకు వేళవుతోందని గుర్తుచేస్తుంటారు. తరవాత ఫొటోలో ఎనిమిదిమందీ ఉంటారు.

"ఇంత ఆలస్యం జింక ఎగిరినప్పుడేనా అక్కా?" అని అడిగింది గోరింట.

"ఎవరెగిరినా అంతే. జింకైనా, పులైనా. ఎగరడమంటేనే పెద్ద లెక్క. అది తేలకముందు పైనుంచి మీటలు నొక్కేకొద్దీ ఆ నొక్కుళ్లన్నీ నా నెత్తినే గుట్టపడతాయి."

గోరింట చెవి కదిలింది. పులైనా.

అక్కణ్ణుంచి గిజిగాడి దగ్గరికి పరుగెత్తింది. తుమ్మకొమ్మకు తలకిందులుగా వేలాడుతూ కొత్త గూడు అల్లుతున్నాడు.

"గిజిగాడన్నా, నీ ఆట ఎగిరే చోట ఆగిపోతోంది."

"నా కొమ్మ మీద బాగానే నడుస్తోందే."

"నీ కొమ్మ మీద నువ్వొక్కడివే ఆడతావు. పులి ఉండదు."

"అయితే పులిది తప్పు."

"ఒంటి పోగు తీసేసి మూడు నాలుగు పోగులతో అల్లలేవా? పులి బుర్ర ఒకరికి, ఎగరడం ఒకరికి, చెట్టూ చేమా ఒకరికి. అప్పుడు లోపలున్న ఉడుతల్లో సగానికైనా పని దొరుకుతుంది."

గిజిగాడు అల్లిక ఆపాడు. "అల్లొచ్చు. ఏ పోగుమీద ఏ పోగు ఎప్పుడు పడాలో ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసుకోవాలి. మొత్తం విప్పాలి. అల్లిన గూడు విప్పమంటే ఏ మగాడు విప్పుతాడమ్మా? ఇంతవరకూ దానికి ఎవరూ వంక పెట్టలేదు."

"మావాళ్లే ఇద్దరు చచ్చిపోయారు."

"వాళ్లు కూడా వంక పెట్టలేదు," అన్నాడు గిజిగాడు, మళ్లీ తలకిందులైపోయి.

సభలో గోరింట ఉన్న సంగతంతా చెప్పింది. పెట్టె బలం కోరల్లో లేదు, అల్లికలో ఉంది. అల్లిక మారిస్తే ఎనిమిదిలో సగమైనా పనికొస్తాయి, మార్చకపోతే ఎన్ని పెట్టినా దండగ అంది.

సూరప్ప శ్రద్ధగా విన్నాడు. "అల్లిక మారిస్తే పైకి కనిపిస్తుందా?"

"కనిపించదు."

"మరి రిబ్బను ఎక్కడ కట్టాలి?"

ఈ ప్రశ్నకు జవాబు దొరక్క అడవుల్లో ఎన్నెన్ని మంచి పనులు ఆగిపోయాయో ఎవరు చెప్పగలరు?

సలహారావు లేచాడు. "ఆ అమ్మాయి బాధ నాకర్థమైంది ప్రభూ. ఎనిమిది కోరలు చాలడం లేదంటోంది. పదహారు పెడదాం."

"నేను అలా అన్లేదు!"

"పదహారూ నాలుగూ..." జూలప్ప కళ్లు మూసుకుని లెక్కేశాడు. "ఇరవై." కళ్లు తెరిచేసరికి ఆయన జూలు కూడా ఒక బెత్తెడు పెరిగినట్టుంది. "ఇరవై కోరలవాణ్ణి, నేను కూర్చుని చూడడమేమిటి? ఈసారి వేట నేనే ఆడతాను."

సభ చప్పట్లు కొట్టింది. గండప్ప అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

పదహారు కోరల పెట్టె ప్రారంభోత్సవానికి అడవి అంతా వచ్చింది. పెట్టె పక్కలు ఉబ్బి ఉన్నాయి. కంతలోంచి ఒక ఉడుత తోక బయటికి వేలాడుతోంది, లోపల చోటు లేక. సూరప్ప రిబ్బను కోరతోనే తెంపాడు. జూలప్ప ఒక పక్క, గోరింట ఒక పక్క కూర్చున్నారు. మంద గుహ బయట ఒకరికొకరు ఆనుకుని నిలబడింది.

ఆట మొదలైంది. బొమ్మ సింహం గర్జించింది. గోరింట బొమ్మ పొదలు దాటింది, రాళ్లు దాటింది, ఒడ్డుకు వచ్చింది.

వచ్చి ఆగింది. ఈసారి ఆపింది పెట్టె కాదు, గోరింటే. మీటల మీదినుంచి గిట్టలు తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎగురు!" అని మంద కేకేసింది. "ఎగరవే గోరింటా!"

తెర మీద సింహం దగ్గరికొచ్చేస్తోంది. ఇంకా దగ్గరికి.

"ఎగరవేమే?" అన్నాడు జూలప్ప, చిరాగ్గా.

"తమరు ముందు ప్రభూ. పెద్దవారు," అంది గోరింట.

జూలప్పకు ఆ మర్యాద నచ్చింది. ఇరవై కోరల బలమంతా పెట్టి ఎగిరే మీట నొక్కాడు.

బొమ్మ సింహం లేచింది. గాల్లో ఆగింది.

నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయాయి. జూలు ముఖం మీదికి వచ్చేసింది. వెనకభాగం సరిగ్గా సభ వైపుకు తిరిగి ఉంది. తోక ఆశ్చర్యార్థకంలా నిలబడింది.

జూలప్ప మళ్లీ నొక్కాడు. పంజా మీట నొక్కాడు, గర్జన మీట నొక్కాడు, చివరికి నాలుగూ కలిపి అరచేత్తో గుద్దాడు. పెట్టె లోపలినుంచి పదిహేను గొంతులు ఒకేసారి వినిపించాయి. "అక్కా, అయ్యిందా? అక్కా, అయ్యిందా?" వాటి మీదినుంచి చారలమ్మ కేక: "దారం ఎవరు తొక్కారే!"

ఎంతకీ కదల్లేదు. గడ్డి మాత్రం అందంగా ఊగుతూనే ఉంది.

"చాలు, దిగాను అనుకోండి," అన్నాడు జూలప్ప. "అదిగో, జింక మీద పడ్డాను అనుకోండి."

గోరింట లేచి నిలబడింది. "తమరు దిగారేమో ప్రభూ, తెర మీద దిగలేదు. తెర మీద ఏది ఉంటే అదే నిజం. చట్టం."

జూలప్ప సలహారావు వైపు చూశాడు. సలహారావు చూరు వైపు చూశాడు.

"అయితే పెట్టె ఆపెయ్యండి! మళ్లీ మొదలెడదాం!"

ఈసారి గండప్ప ముందుకొచ్చాడు. "ఆపొచ్చు ప్రభూ, ఏం భాగ్యం? కానీ ఆట మధ్యలో ఆపినవాళ్లు ఓడినట్టే. జింక చేతిలో ఓడిన సింహం అని..." అక్కడ ఆగి, ఎంతో బాధగా తల ఊపాడు.

జూలప్ప మీటలమీదినుంచి చెయ్యి తీసేశాడు.

ఆ తరవాత సభ చాలా పద్ధతిగా నడిచింది. ప్రభువు గాల్లో ఉన్నారు. గాల్లో ఉన్నవారు గద్దె మీద కూర్చోలేరు. కాబట్టి వారు దిగేవరకూ గండప్ప తాత్కాలికంగా కూర్చుంటాడు. ఒక ఆట ముగియకుండా ఇంకో ఆట మొదలుపెట్టే వీల్లేదు, అంటే వేట లేదు. గండప్పకు ఆ సంగతి కూర్చున్నాక తట్టింది. అయినా లేవలేదు. వాగులో ఎండ్రకాయలు తిని బతికాడు గానీ గద్దె దిగలేదు. మాంసం లేకపోయినా ఫరవాలేదు, ముందు వరస ఉండాలనేవాళ్లు అన్ని జాతుల్లోనూ ఉన్నారు.

నీళ్ల సంగతి ఏమిటని ఎవరో అడిగారు. "తెర మీద జింక ఎక్కడుంది?" అంది గోరింట. అందరూ చూశారు. ఒడ్డున ఉంది. "ఒడ్డున ఉన్న జింక నీళ్లు తాగక ఇంకేం చేస్తుంది?" సలహారావు కాదనలేకపోయాడు. తెరను కాదంటే ప్రభువు కిందికి దిగినట్టవుతుంది.

జూలప్ప రోజూ వచ్చి తెర కింద కూర్చుని తన వెనకభాగాన్ని తనే తలెత్తి చూసుకునేవాడు. పాత భజనపరులు వచ్చి ఆ బొమ్మకే దండం పెట్టేవాళ్లు. "మన ప్రభువు ఎంత ఎత్తులో ఉన్నారో చూడండి" అనేవాళ్లు. పక్కనే కూర్చున్నాయనకు మాత్రం ఎండ్రకాయ ముక్క పెట్టినవాడు లేడు.

ఒకరోజు గోరింట కంత దగ్గరికి వెళ్లింది. చారలమ్మ దారం మీద తల పెట్టుకుని పడుకుని ఉంది.

"అక్కా, ఎంతవరకు వచ్చింది?"

"ఈ పదిహేనుమందీ ఒక్క పూట నోరు మూస్తే అయిపోతుంది."

"అయిపోతే?"

"అయిపోతే ఆయన దిగుతాడు. సరిగ్గా నీ బొమ్మ మీదనే దిగుతాడు."

గోరింట తెర మీది తన బొమ్మను ఒకసారి చూసుకుంది.

"తొందరేం లేదక్కా," అంది గోరింట. "పడుకో."

అంతా బాగానే ఉండేది, గిజిగాడికి పౌరుషం రాకపోతే. ఒక ఆడపిట్ట గూడు చూడటానికి వచ్చి, పనిలో పనిగా గుహలోకి తొంగిచూసి, గాల్లో వేలాడుతున్న సింహాన్ని చూసి, "ఈ అల్లిక ఎవరిది?" అని కిసుక్కున నవ్వి ఎగిరిపోయిందట. ఇద్దరు చచ్చిపోయినా చలించనివాడు ఆ నవ్వుకు కదిలిపోయాడు. ఊడిపడ్డట్టు సభకు వచ్చేశాడు. "పదహారు పోగులతో తిరగ అల్లేస్తాను. పదహారు కోర్లూ పనిచేస్తాయి. ప్రభువు చిటికెలో దిగుతారు."

జూలప్ప లేచి నిలబడ్డాడు. గండప్ప కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు. సలహారావుకు తన నెలవారీ కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిపోతున్నట్టనిపించింది.

అప్పుడు బయటినుంచి గోరింట గొంతు వినిపించింది. "అయ్యా, నాదొక మనవి."

"చెప్పు తల్లీ," అన్నాడు గండప్ప. అంత మెత్తగా ఆయన ఏ జింకతోనూ మాట్లాడి ఉండడు.

"అల్లిక విప్పడం అపచారం. ప్రభువు ఎగిరింది ఈ అల్లికలోనే. పెట్టెకు బలం చాలడం లేదు, అంతే. ముప్పైరెండు కోరలు పెట్టించండి."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సలహారావు కళ్లు తుడుచుకున్నాడు. సూరప్ప రిబ్బను కొలత తీసుకోవడానికి అప్పుడే బయల్దేరాడు. ముప్పైరెండూ నాలుగూ ఎంతని జూలప్ప కళ్లు మూసుకున్నాడు. వచ్చిన జవాబు చూసుకుని, ఎందుకు లేచాడో మరిచిపోయి మళ్లీ కూర్చున్నాడు.

"కోరల్లేకపోతేనేం," అన్నాడు గండప్ప, "కోరల విలువ నీకిప్పటికి తెలిసింది."

"తెలిసింది బాబయ్యా," అంది గోరింట.

అక్కణ్ణుంచి వాగుకు నడిచింది. సంపెంగ బొమ్మ ముందుకాళ్లు లేపి ఆగిపోయిన చోటు లాంటిదే అక్కడా ఒకటి ఉంది, ఒడ్డు కాస్త విరిగి. గోరింట అక్కడ నిలబడింది. ఎవరూ చూడటం లేదు, తెర లేదు, మీటలు లేవు. ఒక్క గెంతులో అవతలి ఒడ్డున పడింది. ఎక్కడా ఆగలేదు.

తిరిగి ఇవతలికి వచ్చి, మూతి ముంచి, అక్క వంతూ మామ వంతూ కలిపి తాగింది.

నీతి అడిగేవాళ్లకు: మిమ్మల్ని తినేవాడు తనకు కోరలు చాలడం లేదంటే అడ్డం పడకండి, ఇంకో పదహారు పెట్టించండి.